ధర్మవరం ప్రింటర్‌లో దొరికిన అట్ట బిళ్ళలు

మా ముత్తాత నరసింహప్ప నాయుడు పెనుకొండ పక్కన మూడు పల్లెలకు మునసబు. ఆ పదవిలో ఉన్న మా వంశంవాళ్ళలో చివరివాడు మా తాత తిమ్మప్ప నాయుడు. గట్టు తగాదా అయినా, గొర్రె దొంగతనం అయినా ఆయన ఒక మాట చెబితే రెండు పక్షాలూ లేచి ఇంటికి పోయేవి. ఆయన కాలంలో మా పల్లెల నుంచి పోలీసు స్టేషన్ దాకా పోయిన వ్యాజ్యం ఒక్కటి లేదని మా నాయన చెప్పేవాడు. నాయన కాలానికి పదవి రద్దయింది, బావులు ఎండాయి, మాట వినేవాళ్ళు తగ్గారు. నా వంతుకు ఇంటిపేరూ, నిటారుగా నిలబడే అలవాటూ మిగిలాయి.

ఆ రెండూ ఉంచుకునే నేను హిందూపురంలో ప్రింటర్లు బాగు చేస్తున్నాను. ఇరవై రెండేళ్ళయింది. చేసే పనికి ఎన్నడూ సిగ్గుపడలేదు. కస్టమర్ ఇంట్లో కాఫీ తాగను. మిషన్‌కు ఏమైందో ఒక్కసారే చెబుతాను, చెప్పిన మాట మార్చను. ఈ ఊళ్ళో నాకున్న పేరు అదే. ఆ పేరు ఒక మనిషికి ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ కిందటి ఆషాఢంలో ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది.

"మీది హిందూపురమేనా? ధర్మవరంలో చుట్టాలు ఎవురన్నా ఉండారా?" మాట్లాడుతున్న మనిషి పేరైనా చెప్పలేదు.

"లేరు. ప్రింటర్‌కు ఏమైంది?"

"చీరల యాపారం చేసేవాళ్ళు ఎవురన్నా తెలుసునా మీకు?"

"నాకు చీరలతో పని లేదు. ప్రింటర్ సంగతి చెప్పండి."

"చప్పుడు చేస్తాండాది. ఫోన్లో చెప్పేది కాదు. మీరే రండి. వస్తాండామని ఎవురికీ చెప్పొద్దండి."

ఊళ్ళో మెకానిక్కులు ఉండగా రైలెక్కి రమ్మని పిలిచే మనిషి ఏదో దాస్తున్నాడని నాకు అప్పుడే అనిపించింది. దొంగ నోట్లు అచ్చు వేసేవాడేమో అన్న అనుమానం కూడా రాకపోలేదు. అయినా పొద్దున రైలుకు వెళ్ళాను.

ఆయన పేరు నారాయణ. వయసు నలభై అయిదు దాకా ఉంటుంది. పట్టుచీరలకు డిజైన్లు వేస్తాడు. ఇంట్లో నడవ దాటగానే ఉన్న చిన్న గదే ఆయన ఆఫీసు. కిటికీకి లోపలి నుంచి అట్టలు కొట్టి మూసేశాడు. తలుపుకు రెండు తాళాలు. గుమ్మం దగ్గరే ఆయన భార్య లక్ష్మీదేవి స్టీలు డబ్బా పట్టుకుని నిలబడింది.

"ఫోన్ ఇందులో వెయ్యండి సార్. ఏమనుకోవద్దండి. నా ఫోను గూడా ఇందులోనే ఉండాది" అంది.

వేశాను. తరువాత నారాయణ నా సంచి తెరిచాడు. స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటిగా తీసి చూశాడు. బ్రష్షును వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు. కాగితాల కట్ట అంచులు రెపరెపలాడించాడు. మా వంశంలో ఎవరి సంచీ ఎవరూ సోదా చేయలేదు. అక్కడి నుంచే వెనక్కి తిరగాల్సింది. కాని అప్పుడే ఆయన ప్రింటర్ ఆన్ చేసి ఒక కాగితం వదిలాడు. ఆ చప్పుడు విన్నాక కాలు కదల్లేదు. గరగరమని మొదలై, మధ్యలో టక్, టక్ అని రెండు దెబ్బలు పడి, మళ్ళీ గరగరమంటోంది. అంతకు ముందు ఏ ప్రింటర్‌లోనూ వినని చప్పుడు.

"లోపల ఎవురో ఏందో పెట్టినారు సార్. నా డిజైన్లు పోతాండాయి" అన్నాడు నారాయణ, తలుపు మూసి.

ఆయన పని గురించి రెండు మాటలు చెప్పాలి. చీర అంచులో చిలక రావాలంటే ముందు దాన్ని కంప్యూటర్‌లో గళ్ళు గళ్ళుగా గీస్తారు. దీన్ని గ్రాఫ్ అంటారు. నారాయణ దాన్ని పెద్ద సైజు కాగితాల మీద ప్రింట్ తీస్తాడు. ఆ కాగితాలు అట్టలు కొట్టే మనిషి దగ్గరికి పోతాయి. అతను వాటిని వరసగా మైదా పిండితో అతికించి ఎదురుగా పెట్టుకుని, ఒక్కో వరసా చదువుతూ పంచింగ్ మిషన్ మీద దళసరి అట్టలకు బెజ్జాలు కొడతాడు. ఆ అట్టల దండను మగ్గం పైన ఉండే జకార్డ్ అనే పెట్టెకు తగిలిస్తే ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో ఆ బెజ్జాలే నడుపుతాయి.

"ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే మిషనే కొట్టేస్తుందటగా ఇప్పుడు?" అని అడిగాను.

"ఇస్తే అయిపోయినట్లే. రెండు నిమిషాల్లో కాపీ కొట్టుకుంటారు. కాయితమైతే ఎన్ని పోయినాయో అన్ని రావాల. నంబరు ఏసి ఇస్తా, నంబరు చూసుకోని తీసుకుంటా. అయినా పోయెనే! నా చిలకల అంచు నా చీర మగ్గం దిగకముందే ఇంకో అంగట్లో ఏలాడుతాంది."

ప్రింటర్ చప్పుడు ఎప్పుడు వస్తుందో శ్రద్ధగా వింటే సగం జబ్బు తెలిసిపోతుంది. ఇంకు చల్లే తల అటూ ఇటూ నడిచేటప్పుడు వస్తే క్యారేజ్ జబ్బు. కాగితాన్ని లోపలికి లాగేటప్పుడు వస్తే పికప్ రోలర్, అంటే కాగితాన్ని పట్టే రబ్బరు చక్రం, లేదా దాన్ని తిప్పే ఫీడ్ గేర్ల జబ్బు. ఇది రెండో రకం. మూత విప్పి, వెనక ట్రే తీసి, టార్చి వేసి చూశాను. గేర్ల పక్కన పసుపు గోధుమ రంగులో ఏదో ఇరుక్కుని ఉంది. పటకారుతో లాగాను. కందిగింజ కన్నా కాస్త పెద్దదైన గుండ్రటి అట్ట బిళ్ళ. దాని వెనక ఇంకొకటి. మొత్తం ఆరు వచ్చాయి. తెల్ల కాగితం మీద వరసగా పెట్టాను.

నారాయణ ముఖం మాడిపోయింది.

"ఇవి ఎక్కడివి?" అన్నాను.

"అట్టలు కొట్టే తావులో రాలేటివి. బెజ్జం పడితే బిళ్ళ కిందికి రాలుతుంది. మా ఇంట్లో అట్టలు కొట్టం సార్."

"ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"ఎవురూ రారు. నేను, నా పెండ్లాము. గ్రాఫులు తీసుకుపొయ్యేకి ఓబులేసన్న వస్తాడు. అంతే."

ఓబులేసు ఇరవై ఏళ్ళుగా తన ఇంట్లో, సొంత మిషన్ మీద, ఆయనకు అట్టలు కొట్టి ఇచ్చే మనిషి. నేను లోపల శుభ్రం చేసి, రోలర్ తుడిచి, నా సంచిలోని కాగితాలతో పరీక్షించాను. ఎప్పుడూ అదే నా పద్ధతి. కస్టమర్ కాగితం తేమగా ఉండవచ్చు, వంగి ఉండవచ్చు, మిషన్‌ను పరీక్షించాలంటే కొత్త కాగితమే కావాలి. పాతిక కాగితాలు చడీచప్పుడు లేకుండా బయటికి వచ్చాయి. పని ముగిసింది. అక్కడితో సంచి సర్దుకుని ఉంటే బాగుండేది.

"ఎట్ల వచ్చినాయి సార్ ఇవి లోపలికి? మీరే చెప్పాల" అని నారాయణ అడిగాడు.

నిటారుగా నిలబడి చెప్పాను: "గాలికి ఎగిరి వచ్చేవి కావు ఇవి. అట్టలు కొట్టే మనిషి చెయ్యి ఈ మిషన్‌లో పడింది."

అంత స్పష్టంగా మాట చెప్పడంలో ఒక తృప్తి ఉంది. దాన్ని దాచను.

మేము ఇంకా ఆ గదిలో ఉండగానే ఓబులేసు వచ్చాడు. అరవై దాటిన మనిషి. చంకలో చుట్టిన గ్రాఫు కాగితాలు. చొక్కా మీద, చెవి వెనక, నెరిసిన జుట్టులో అవే అట్ట బిళ్ళలు.

"ఏమబ్బా నారాయణా, నీ మిషనుకు దగ్గు తగ్గిందా?" అన్నాడు నవ్వుతూ.

నారాయణ ఆ ఆరు బిళ్ళలున్న కాగితాన్ని ఆయన ముఖానికి ఎదురుగా పెట్టాడు. "ఇవి యాడుండాయో తెల్సునా? మిషన్ కడుపులో! ఎవురికి చూపించినావు నా చిలకలను? ఎంతకు చూపించినావు?"

ఓబులేసుకు విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తరువాత నారాయణను వదిలి నా వైపు చూశాడు.

"సార్, మీరు పెద్దమనిషి మాదిరి ఉండారు. చెప్పండి. ఆ మిషన్ మూత యాడ తీస్తారో గూడా నాకు తెలీదు. నేనేం చేసింటాను?"

"నేను కళ్ళతో చూసినదే చెప్పాను" అన్నాను.

ఆయన చంకలోని కాగితాలు బల్ల మీద పెట్టి, "నంబర్లు చూసుకో అబ్బా, అన్నీ ఉండాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు. లక్ష్మీదేవి నడవలో నిలబడి ఉంది. నాకు ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు.

పదిహేను రోజులు గడిచాయి. మళ్ళీ నారాయణ ఫోన్.

"ఏం చేసి పోయినారు సార్ మీరు? మళ్ళా అదే చప్పుడు. ఆ ముసిలాయప్ప ఇంట్లోకి అడుగు పెట్టిందీ లేదు. మీరే ఒకటి రెండు లోపల ఇడిచిపెట్టి పోయినారేమో, మళ్ళా పిలుస్తానని."

నేను "రేపు వస్తాను. పైసా తీసుకోను" అని ఫోన్ పెట్టేశాను. రైలులో కూర్చున్నంతసేపూ నాకు నారాయణ మీదే అనుమానం. ఓబులేసుకు ఇవ్వాల్సిన కూలి ఎగ్గొట్టడానికి ఆయనే బిళ్ళలు వేసి నాటకమాడుతున్నాడేమో అనుకున్నాను. ఈసారి నేనే ఆయన్ను గమనించాలని నిశ్చయించుకున్నాను.

మూత విప్పాను. రెండు బిళ్ళలు. తాజావి, అంచులు ఇంకా నలగలేదు. అంటే నేను వదిలేసినవి కావు.

"ఇప్పుడు అట్టలు ఎవరు కొడుతున్నారు?"

"కొత్త మనిషి. మా గడప తొక్కలేదు. నేనే పోయి ఇస్తా, నేనే పోయి తెచ్చుకుంటా."

"సరే. నేను ఏమీ ముట్టుకోను. మీరు రోజూ ఎట్లా ప్రింట్ తీస్తారో అట్లాగే తీయండి" అని గోడ పక్కన నిలబడ్డాను.

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక రంగుల నమూనా తెరిచి, పక్కనున్న మంచం కిందికి చెయ్యి పోనిచ్చి ఒక పాత పెట్టె లాగాడు. అందులోంచి కాగితాలు తీశాడు. కొత్తవి కావు. ఒక వైపు గ్రాఫ్ అచ్చయి ఉంది, ఖాళీ వైపు పైకి పెట్టి వెనక ట్రేలో పెట్టబోయాడు.

"ఆగండి. అవేమిటి?"

"అట్టలు కొట్టినాక తిరిగొచ్చిన గ్రాఫులు సార్. రంగు చూసుకునేకి వీటి ఈపున ఏస్తా. బయట పారేస్తే ఎవురన్నా ఎత్తుకుపోరా?"

లక్ష్మీదేవి వాకిట్లోంచే అందుకుంది. "చెత్తలో ఏయనీడు సార్. పొయ్యిలో ఏస్తానంటే, సగం కాలిందాన్ని ఎవురన్నా ఏరుకుంటారంటాడు. పోయిన సంకురాతిరి నుంచీ ఆ పెట్టె మీదే పండుకుంటాండాడు."

కాగితాలు తీసుకుని కిటికీ సందులోంచి వచ్చే వెలుతురులో పెట్టి చూశాను. అంచుల వెంట, అతికించి విడదీసిన చోట, ఎండిన మైదా చారలు. ఆ చారల మీద, మూడో కాగితం మూలన, ఒక అట్ట బిళ్ళ అంటుకుని ఉంది. వేలితో వంచాను. టప్పున ఊడి నేల మీద పడింది. రోలర్ మీద కాగితం వంగినప్పుడు జరిగేదీ అదే. పంచింగ్ మిషన్ దగ్గర రాలిన బిళ్ళ పచ్చి మైదాకు అంటుకుంటుంది, నంబర్ల ప్రకారం భద్రంగా ఈ ఇంటికి తిరిగి వస్తుంది, ఆయన చేతుల మీదుగానే ప్రింటర్‌లోకి పోతుంది.

మొదటి రోజు నేను ఆయన కాగితంతో పరీక్షించి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది. నా కొత్త కాగితాలు నిజాన్ని కప్పేశాయి. ఆ తరువాత నా నోరు మిగతా పని చేసింది.

నారాయణ పెట్టె మూత వేశాడు. "బిళ్ళలు సరే. డిజైన్ ఎట్ల పాయె మరి?"

"చిలకలు బాగుండాయా అని చీరలు కొనే సేటుకు ఫోన్లో ఫోటో పెట్టింది ఎవురు? నేనా?" అంది లక్ష్మీదేవి. "ఆ సేటు ఎంతమందికి పెట్టినాడో ఎవురికి ఎరుక. ఫోన్లు డబ్బాలో ఏపిచ్చేది మాత్రం వచ్చినోళ్ళవి."

డిజైన్ ఎట్లా బయటికి పోయిందో ఈ రోజుకూ నాకు తెలియదు. ఓబులేసు చేశాడనడానికి మా దగ్గర ఉన్న సాక్ష్యం మాత్రం అంతకు ముందే నేల మీద పడింది.

"ఓబులేసును పిలిపించండి" అన్నాను.

"నేను పిలిచేది లేదు" అన్నాడు నారాయణ. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. "చెప్పింది నువ్వు. నేను మిషన్ సంగతి అడిగితే మనిషి సంగతి చెప్పినావు."

నేల మీది బిళ్ళను ఏరి జేబులో వేసుకున్నాను.

"ఆయప్ప ఊళ్ళో ల్యాడు సార్" అంది లక్ష్మీదేవి. "హిందూపురం నుంచి వచ్చిన పెద్ద మెకానిక్కే చూసి చెప్పినాడంట అని ఈదంతా పాకింది. ఎవురూ గ్రాఫులు ఇస్తాలేరు. పెనుకొండలో కూతురింటికి పోయినాడు."

పెనుకొండ. హిందూపురం నుంచి ధర్మవరం వచ్చినా పోయినా రైలు అక్కడ ఆగుతుంది. నేను దిగక చాలా ఏళ్ళయింది. మా వాళ్ళను ఎరిగిన మనుషులు ఇంకా అక్కడ ఉన్నారు, మునసబు మనవడు స్క్రూడ్రైవర్ల సంచితో నడవడం వాళ్ళు చూడటం నాకు ఇష్టం లేదు. ఆ రోజు దిగాను. స్టేషన్ బయట ఆటోవాళ్ళ పక్కన కూర్చున్న ఒక ముసలాయన గుర్తుపట్టాడు కూడా.

"ఏమప్పా, తిమ్మప్ప నాయుడి మనుమడివి కదూ! పంచాయితీకి వచ్చినావా?"

"అవును" అన్నాను. అబద్ధం కాదు.

లక్ష్మీదేవి చెప్పిన గుర్తులతో వెతుక్కుంటూ పోతే, కొండ వైపు సందులో ఓబులేసు కూతురి చిన్న అద్దె ఇల్లు. ఓబులేసు మెట్ల మీద కూర్చుని విత్తనానికి వేరుశనగ బుడ్డలు వొలుస్తున్నాడు. కూలికి వొలుస్తున్నాడని పక్కనున్న మూటలు చూస్తేనే తెలుస్తోంది. జుట్టులో బిళ్ళలు లేవు. నన్ను చూసి లేవలేదు.

దారి పొడుగునా కట్టుకున్న మాటలు ఉన్నాయి. పరిస్థితులు, కాగితాలు, పద్ధతులు. అవేవీ నోటికి రాలేదు. "నేను చెప్పింది తప్పు" అన్నాను నిలబడే.

"కూచో నాయుడూ" అన్నాడు. నా పేరు ధర్మవరంలోనే విన్నట్టున్నాడు.

కింది మెట్టు మీద కూర్చుని అంతా చెప్పాను. పెట్టె, పాత గ్రాఫులు, మైదా, మూడో కాగితం మూలన ఉన్న బిళ్ళ. ఆయన బుడ్డలు వొలవడం ఆపి విన్నాడు. చివరికి నవ్వాడు.

"అంటుకోని పోయినాయా! నేను దులిపే పంపిస్తాంటిని అబ్బా. కొసల్లో మైదా పచ్చిగా ఉంటే ఇడుసవు. ఇంగొంచెం ఎండబెట్టి దులిపింటే బాగుండు."

తిడితే భరించేవాణ్ణి. తన తప్పు ఎంతుందో ఆయన వెతుక్కుంటున్నాడు.

"నన్ను ఏం చేయమంటారు?" అన్నాను.

"ఈడ చెప్తే ఏమొస్తుంది? ఈ బుడ్డలకు ఇనపడుతుంది, అంతే" అన్నాడు, ఒక కాయ వొలుస్తూ. "ఆడ చెప్పు. నా మీద యాడ చెప్పినావో ఆడ చెప్పు."

కూతురు కాఫీ తెచ్చింది. తాగాను.

మరునాడు పొద్దున మళ్ళీ ధర్మవరం వెళ్ళాను. డిజైన్లు వేసేవాళ్ళూ, మగ్గాలవాళ్ళూ టీ తాగే అంగడి నారాయణ ఇంటి వీధి చివరే ఉంది. అక్కడ నిలబడి, నేను ఎవరినో చెప్పి, పదిహేను రోజుల కింద ఓబులేసు గురించి నేను అన్న మాట అబద్ధమని చెప్పాను. నారాయణను అడిగి తెచ్చిన మైదా అంటిన కాగితం, దాని మీంచి ఊడిన బిళ్ళ చూపించాను. మాట తడబడింది. ఎవరో వెనక నుంచి, "ప్రింటర్ రిపేరీకి పోతే మనిషిని ఇప్పి పెట్టినాడురా" అన్నారు. నవ్వులు లేచాయి. నిలబడి విన్నాను. కాసేపటికి నారాయణ వచ్చి నా పక్కన తల దించుకుని నిలుచున్నాడు. అది చూశాకే వాళ్ళు నమ్మారు. వాళ్ళలో ఇద్దరు, రేపటి నుంచి తమ గ్రాఫులు ఓబులేసన్నకే ఇస్తామన్నారు.

ఇప్పుడు నేను ఏ ఇంటికి పోయినా ముందు వాళ్ళ కాగితంతో, వాళ్ళ చేతులతోనే ప్రింట్ తీయమంటాను. పరీక్షకు నా కాగితం వాడేది ఆ తరువాతే. లోపల ఏం దొరికితే అది చేతిలో పెడతాను. అది అక్కడికి ఎవరి వల్ల వచ్చిందని అడిగితే, మిషన్ గురించి మాత్రమే నాకు తెలుసని చెబుతాను. హిందూపురంలో కొందరు దీన్ని గర్వం అనుకుంటారు.

ఆ రోజు ఆ టీ అంగడి దగ్గర నుంచే ఓబులేసు కూతురికి ఫోన్ చేసి, వాళ్ళ నాయనను రేపే తీసుకురమ్మని చెప్పాను. అప్పుడు ఆమె చెప్పింది. ఊళ్ళో గ్రాఫులు ఇచ్చేవాళ్ళు లేక, ధర్మవరం ఇల్లు ఖాళీ చేసి వచ్చేటప్పుడే వాళ్ళ నాయన పంచింగ్ మిషన్‌ను పాత ఇనుము కింద అమ్మేశాడు.